రేవులో ఆగిన కోడు: ఉమ్మడి ప్రాజెక్టుల్లో టెస్టుల క్యూ ఎందుకు పెరుగుతుంది

నరసాపురం రేవులో పంటు కోసం ఎప్పుడైనా నిలబడ్డవాళ్లకి ఈ లెక్క తెలుసు. వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి ఒడ్డు చేరడానికి పట్టేది కాసేపే. పొద్దు పోయేదంతా ఇవతలి ఒడ్డునే. అవతల ఉన్న పంటు ఇటు రావాలి, అందులోవాళ్లు దిగాలి, బళ్లూ ఆటోలూ కార్లూ సందు లేకుండా సర్దుకోవాలి, ముందున్న ఆటో మొరాయిస్తే నలుగురూ చేయి వేసి నెట్టాలి. ఆలస్యమైందని విసుక్కునేవాళ్లు ఉంటారు గానీ, దానికి మందు పంటు ఇంజను మార్చడమే అనేవాళ్లు కనపడరు.

పదిమంది కలిసి రాసే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో, కోడు సరిగా నడుస్తోందో లేదో మెషినే చూసే టెస్టుల కోసం మార్పులు వరసలో ఆగిపోయి క్యూ పెరిగినప్పుడు మాత్రం మొదట వినపడేది ఆ మాటే. ఇంకా వేగమైన మెషిన్లు కావాలి, ఇంకో నాలుగు కావాలి. భీమవరంలోనో అమలాపురంలోనో ఇంట్లో కూర్చుని, ఎక్కడో ఉన్న బృందంతో కోడు పంచుకునేవాళ్లకి పొద్దున పెట్టిన మార్పు రాత్రి పడుకునేలోపు అందరి ఉమ్మడి కోడు ఉండే మెయిన్ బ్రాంచ్‌లో చేరకపోవడం కొత్త కాదు. ఆ ఎదురుచూపును విప్పి చూస్తే మెషిన్ల వేగానిది అనుకున్నంత పెద్ద వాటా కాదని తెలుస్తుంది. ఉత్తుత్తి ఫెయిల్యూర్ల వల్ల చేసిన పనే మళ్లీ చేయడం, క్యూను అంచుదాకా నింపి నడపడం, ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చుకోకపోవడం: ఎక్కువ కాలం తినేవి ఇవే. వీటిలోనూ మొదటిదే అసలు దొంగ.

వరస ఎందుకు

ఎవరి మార్పు వాళ్లు టెస్టు చేసుకుని, గ్రీన్ (అన్నీ పాస్) రాగానే మెర్జ్ చేసుకోవచ్చు, అంటే మెయిన్‌లో కలిపేసుకోవచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. రైస్ మిల్లుల లెక్కలు చూసే ఒక ఉమ్మడి ప్రాజెక్టు ఉందనుకుందాం. అందులో బస్తాల బరువు చెప్పే ఫంక్షన్ ఒకటి ఉంది. అది కిలోల్లో జవాబిస్తుంది, బస్తాకి 75. తణుకులో ఉన్నాయన దాన్ని క్వింటాళ్లలోకి మార్చాడు. ఆ ఫంక్షన్‌ని అప్పటిదాకా వాడుతున్న చోట్లన్నీ సరిదిద్ది టెస్టులు నడిపాడు. అన్నీ గ్రీన్. అదే మధ్యాహ్నం అమలాపురంలో ఒకావిడ రైతువారీ రిపోర్టు కొత్తగా రాస్తూ, అదే ఫంక్షన్‌ని కిలోలే ఇస్తుందన్న నమ్మకంతో వాడుకుంది. ఆవిడ టెస్టులూ గ్రీనే. ఇద్దరూ ముట్టుకున్న ఫైళ్లు వేరు కాబట్టి మార్పుల లెక్క చూసే గిట్‌కి కాన్‌ఫ్లిక్ట్, అంటే ఒకే చోట ఢీకొనే మార్పు, ఏదీ కనపడలేదు. రెండూ మెర్జ్ అయ్యాక, రైతు తెచ్చిన బస్తా 0.75 కిలోలు తూగింది.

ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. రెండు మార్పులూ కలిసిన తర్వాత ఉండే కోడును ఎవరూ టెస్టు చేయలేదు, అంతే. రస్ట్ భాషను మొదలుపెట్టిన గ్రేడన్ హోర్ 2014లో దీని మీద రాస్తూ, ఇదేమీ రాకెట్ సైన్సు కాదని ఒక నియమాన్ని గుర్తుచేశాడు: ఎప్పుడు చూసినా టెస్టులన్నీ పాసయ్యే స్థితిలోనే ఉండే ఒక కోడు నిల్వను మనుషుల మీద వదలకుండా మెషినే కాపాడాలి. రస్ట్ ప్రాజెక్టులో ఆ కాపలా పని బోర్స్ అనే బాట్‌ది, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రాముది. రివ్యూ అయిన (తోటివాళ్లు చదివి ఒప్పుకున్న) మార్పును అది అప్పటి మెయిన్‌తో కలిపి చూస్తుంది, కలిపిన దాని మీద టెస్టులన్నీ నడుపుతుంది, పాసైతేనే మెయిన్‌ను ముందుకు జరుపుతుంది. ఆ తర్వాతే రెండో మార్పు వంతు.

భద్రతకి ఇంతకన్నా గట్టి ఏర్పాటు లేదు. దాని ఖరీదు కూడా అక్కడే ఉంది. ఒక్కొక్కటిగా నడవాలి అన్నామంటే రోజుకి ఎన్ని మార్పులు లోపలికి వెళ్లగలవో లెక్క బిగుసుకుపోతుంది.

ముప్పై ఆరుకి ముప్పై

టెస్టులన్నీ నడవడానికి 40 నిమిషాలు పడుతుందనుకుందాం. రాత్రీ పగలూ ఆగకుండా నడిపితే 24 గంటల్లో 36 సార్లు నడుస్తాయి. బృందం రోజుకి 30 మార్పులు పంపుతోంది. 36 చోట్లకి 30 మంది, ఇంకా ఆరు ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు అయిదింట ఒక రన్, అంటే టెస్టులన్నీ ఒకసారి నడవడం, ఏదో కారణంతో ఫెయిలవుతోందనుకుందాం. ఫెయిలైన రన్ కూడా 40 నిమిషాలూ తినే పోతుంది, ఆ మార్పు తిరిగి వరసలోకి వస్తుంది. 30 మార్పులు లోపలికి వెళ్లాలంటే సగటున 37.5 రన్‌లు కావాలి. ఉన్నవి 36. ఇక ఈ క్యూ ఎప్పటికీ తరగదు. ఈ రోజు మిగిలింది రేపటి మీద, రేపటిది ఎల్లుండి మీద పడుతుంది, ఆదివారం ఎవరూ ఏమీ పంపకపోతే కాస్త సద్దుమణుగుతుంది, సోమవారం మళ్లీ మొదలు. మెషిన్లు చాలడం లేదని మేనేజరు అనేది ఈ దశలోనే. ఫెయిల్యూర్లను అయిదింట ఒకటి నుంచి ఇరవైలో ఒకటికి దించితే రోజుకి దాదాపు 31.6 రన్‌లు సరిపోతాయి. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా అదే మెషిన్ చాలుతుంది.

చాలడం వేరు, హాయిగా ఉండటం వేరు. టెలిఫోన్ లైన్లు ఎన్ని ఉంటే జనం ఎంతసేపు ఆగాలి అన్న లెక్కను కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లోనే మొదలుపెట్టాడు. ఆ శాస్త్రం తేల్చిన మొండి నిజం ఏమిటంటే, నిండుదనం పెరిగే కొద్దీ ఎదురుచూపు దానితోపాటు నిదానంగా పెరగదు, చివర్లో ఒక్కసారిగా లేస్తుంది. రాకలూ పనులూ అడ్డదిడ్డంగా ఉండే మామూలు నమూనాలో, మెషిన్ సగం సమయం పనిలో ఉంటే వరసలో ఆగేది ఒక రన్ అంతసేపు. 80 శాతం పనిలో ఉంటే నాలుగు రన్‌లంత, 90 శాతమైతే తొమ్మిది, 95 శాతమైతే పందొమ్మిది. టెస్టు సమయం ప్రతిసారీ ఒకేలా ఉంటే ఈ ఆగడం సగానికి తగ్గుతుంది. అయినా 40 నిమిషాల రన్‌కి 95 శాతం దగ్గర ఆరు గంటలకు పైనే. మెషిన్ ఖాళీగా ఉంటే డబ్బు వృథా అని లెక్కలు చూసేవాళ్లు బాధపడతారు గానీ, ఆ ఖాళీయే మనుషుల సమయాన్ని కాపాడుతోంది.

క్యూను ఒక్క చూపులో అంచనా కట్టడానికి ఇంకో చిన్న సూత్రం ఉంది. జాన్ లిటిల్ 1961లో దీన్ని నిరూపించాడు. వరసలో ఎంతమంది ఉన్నారో, గంటకి ఎంతమంది బయటపడుతున్నారో తెలిస్తే, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సగటు ఎదురుచూపు వస్తుంది. క్యూలో 18 మార్పులున్నాయి, గంటకి ఒకటిన్నర మెర్జ్ అవుతున్నాయి అంటే 12 గంటలు. "నాది ఎప్పుడవుద్దండీ" అని చాట్‌లో అడిగేవాళ్లకి ఇంతకన్నా నిజాయితీ గల జవాబు ఉండదు.

రాత్రి రెడ్, పొద్దున గ్రీన్

ఫెయిల్యూర్లు రెండు రకాలు. కోడులో తప్పు దొరికినందుకు వచ్చేది ఒకటి. అది క్యూ చేయాల్సిన పనే, దాని గురించి ఏడవక్కర్లేదు. కోడు మారకపోయినా ఒకసారి పాసై, ఒకసారి ఫెయిలయ్యే టెస్టు వల్ల వచ్చేది రెండోది. దీన్నే ఫ్లేకీ టెస్టు అంటారు. తిక్క టెస్టు అన్నా తప్పు లేదు.

వీటి బలం సంఖ్యలో ఉంది. వెయ్యి టెస్టులున్నాయి, ఒక్కొక్కటి వెయ్యిసార్లలో ఒక్కసారి మాత్రమే అకారణంగా ఫెయిలవుతుంది అనుకుందాం. విడిగా చూస్తే పట్టించుకోదగ్గది కాదు. వెయ్యీ కలిపి నడిపితే అన్నీ పాసయ్యే అవకాశం 37 శాతమే. అదే తిక్క పదివేలలో ఒకసారికి తగ్గితే 90 శాతం దాటుతుంది. గూగుల్ ఇంజనీర్లు 2016లో తమ లెక్కలు బయటపెట్టారు: వాళ్ల టెస్టు రన్‌లలో సుమారు 1.5 శాతం ఫలితాలు ఇలాంటివి, దాదాపు 16 శాతం టెస్టుల్లో ఎంతో కొంత తిక్క ఉంది. అప్పటిదాకా పాసవుతూ ఉన్నట్టుండి ఫెయిలైన సందర్భాల్లో 84 శాతంలో ఫ్లేకీ టెస్టు పాత్ర ఉంది. అంత పెద్ద సంస్థలో కూడా రెడ్ లైటు వెలిగితే ముందు అనుమానించాల్సింది లైటునే అన్నమాట.

ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. మన మిల్లు ప్రాజెక్టులోనే "ఈ రోజు వచ్చిన బస్తాలు" అని ఒక రిపోర్టు ఉంది. రసీదు మీద పడే తేదీ భారత కాలమానం ప్రకారం ఉండాలి కాబట్టి, కోడు ఆ ప్రకారమే తేదీ వేస్తుంది. భీమవరం కుర్రాడు ఒకడు పొద్దున పదకొండింటికి దానికి టెస్టు రాశాడు: ఇప్పుడొక రసీదు తయారుచెయ్యి, దాని తేదీ మెషిన్ చెప్పే ఈ రోజు తేదీతో సరిపోయిందా చూడు. అతని ల్యాప్‌టాప్‌లో పాస్. క్లౌడ్ మెషిన్ మీద కూడా పాస్. రివ్యూ అయింది, మెర్జ్ అయింది.

టెస్టులు నడిపే క్లౌడ్ మెషిన్ల గడియారాలు మామూలుగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటాయి. మన సమయం దానికన్నా అయిదున్నర గంటలు ముందు. ఇక్కడ అర్ధరాత్రి పన్నెండు కొట్టి తేదీ మారినా, ఆ మెషిన్‌కి ఇంకా నిన్నటి సాయంత్రం ఆరున్నరే. అంటే రాత్రి పన్నెండు నుంచి తెల్లవారి అయిదున్నర దాకా రసీదు తేదీ ఒకటి, టెస్టు ఆశించే తేదీ ఇంకొకటి. ఆ అయిదున్నర గంటల్లో క్యూలో నడిచిన ప్రతి మార్పూ ఫెయిలే, దానికీ రసీదులకీ ఏ సంబంధం లేకపోయినా సరే. రోజులో దాదాపు 23 శాతం సమయం అది. పగలంతా పేరుకున్న వరస తీరేది రాత్రిళ్లే కాబట్టి దెబ్బ సరిగ్గా అక్కడే తగులుతుంది.

పొద్దున లేచి చూసుకున్నవాళ్లు ఏం చేస్తారు? మళ్లీ నడుపుతారు. ఎనిమిదింటికి నడిస్తే గ్రీన్ వస్తుంది. "రీరన్ కొట్టెయ్యండి, అదే పోద్ది" అన్న మాట బృందంలో ఆచారమైపోతుంది. కొన్నాళ్లకి ఎవరో ఫెయిలైన టెస్టును మూడుసార్లు దానంతటదే మళ్లీ నడిపేలా సెట్టింగ్ పెడతారు. ఈ తేదీ టెస్టుకి అది కూడా పనికిరాదు. రాత్రి ఒంటిగంటకి మూడుసార్లు నడిపినా మూడుసార్లూ ఫెయిలే, పైగా సమయం మూడింతలు. మందు చాలా చిన్నది. తేదీ వేసే కోడుకి గడియారాన్ని బయటి నుంచి ఇవ్వాలి, టెస్టులో ఆ గడియారాన్ని ఒకే క్షణం దగ్గర ఆపేయాలి. అర్ధరాత్రి దాటాక ఒక క్షణం, పగలు ఒక క్షణం, రెండింటికీ టెస్టు ఉండాలి. పావుగంట పని. ఆ పావుగంట ఎవరికీ కేటాయించకపోవడం వల్ల నెలలు గడుస్తాయి.

ఇలా దానంతటదే మళ్లీ నడిపే ఆటోమేటిక్ రీట్రై మీద ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. టెస్టు తిక్కగా ఉందనుకున్న చోట ఒక్కోసారి తిక్క కోడులోనే ఉంటుంది. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే ఇరవైలో ఒకసారి లెక్క తప్పే బగ్ ఉందనుకుందాం. టెస్టు దాన్ని ఇరవైలో ఒకసారి పట్టుకుంటుంది. మూడు ప్రయత్నాల్లో ఏ ఒక్కటి పాసైనా చాలన్నామంటే, మూడూ ఫెయిలయ్యే అవకాశం 8,000లో ఒకటి. బగ్ వాడుకదారుల దగ్గరికి వెళ్లిపోతుంది, టెస్టు మాత్రం మర్యాదగా గ్రీన్ చూపిస్తుంది.

తిక్క టెస్టును గేటు దగ్గర నుంచి తీసి పక్కన పెట్టడం అంతకన్నా మేలు. అది నడుస్తూనే ఉంటుంది, ఫలితం నమోదవుతుంది, కానీ ఎవరి మెర్జ్‌నీ ఆపదు. అయితే దానికి ఒక మనిషి పేరు, ఒక గడువు తగిలించకపోతే ఆ పక్కన పెట్టడం అటకెక్కించడమే అవుతుంది. గడువు దాటిన టెస్టును బాగుచేయడమో, తీసిపారేయడమో జరగాలి. తీసేయడమంటే చాలామందికి మనసొప్పదు. ఎవరూ నమ్మని టెస్టు ఉన్నా లేనట్టే అని ఒప్పుకోవడం కష్టం మరి. వడ్లు కొనేచోట తేమ 17 శాతం దాటకూడదని నిబంధన. తేమ చూసే మెషిన్ అదే గింజలకి ఒకసారి 16, ఇంకోసారి 18 చూపిస్తే రైతు ఒప్పుకోడు, మిల్లరూ ఒప్పుకోడు. ప్రతి ట్రాక్టరు దగ్గరా రెండోసారి, మూడోసారి చూడమంటారు. రోడ్డు మీద ట్రాక్టర్ల వరస పెరుగుతుంది. అప్పుడు ఇంకో కాటా తెచ్చి పెడితే ఏం లాభం?

పంటులో ఎన్ని బళ్లు

ఒక్కొక్క బండినే దాటిస్తే సాయంత్రమవుతుంది కాబట్టి పంటులో పట్టినన్ని ఎక్కిస్తారు. టెస్టుల క్యూలోనూ అదే ఉపాయం ఉంది. పది మార్పుల్ని ఒక మూటగా కట్టి ఒకేసారి టెస్టు చేస్తే, పాసైతే పదీ ఒకేసారి లోపలికి వెళతాయి. రస్ట్ ప్రాజెక్టు దీన్ని రోలప్ అంటుంది. సర్వర్ల మీద ప్రోగ్రాములు నడిపించే కుబర్నెటీస్ ప్రాజెక్టులో టైడ్ అనే బాట్ ఇలాంటి మూటలు తనే కడుతుంది.

మూట ఫెయిలైతే తప్పెవరిదో వెతకాలి. రెండు ముక్కలు చేసి, ఏ సగంలో ఉందో చూసి, దాన్ని మళ్లీ రెండు చేయడం తెలిసిన పద్ధతే. ఎనిమిదిలో ఒక దోషి ఉంటే మూడు విడతల్లో దొరుకుతాడు. 40 నిమిషాల చొప్పున రెండు గంటలు. ఆ రెండు గంటలూ మిగతా ఏడుగురు ఏ పాపం చేయకుండా ఆగుతారు.

అయితే ఎంత పెద్ద మూట కట్టాలి? ఈ ప్రశ్నకి జవాబు సాఫ్ట్‌వేర్ కన్నా పాతది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో చేరేవాళ్లకి సిఫిలిస్ రక్తపరీక్షలు చేయాల్సి వచ్చినప్పుడు, కొందరి నమూనాలు కలిపి ఒకేసారి పరీక్షించి, తేడా వస్తేనే విడివిడిగా చూడొచ్చని రాబర్ట్ డార్ఫ్‌మన్ 1943లో లెక్క కట్టి చూపాడు. అదే లెక్క మన క్యూకి వేస్తే, నూటికి అయిదు మార్పులు ఫెయిలయ్యే చోట అయిదేసి కలిపితే ఒక్కో మార్పుకి సగటున 0.43 రన్‌లు చాలు. పని సగానికి పైగా తగ్గింది. నూటికి ఇరవై ఫెయిలయ్యే చోట అదే అయిదు కలిపితే 0.87. నూటికి ముప్పై అయితే 1.03, అంటే మూట కట్టకుండా ఉంటేనే నయం. కోడులో నిజంగా తప్పున్న మార్పులూ, తిక్క టెస్టు పొట్టన పెట్టుకున్న మార్పులూ రెండూ ఈ నూటికి ఇంత అన్న లెక్కలోకే వస్తాయి. జబ్బు చేసిన క్యూకి మూటలు మందు కావు.

ఏ బండిని ఏ విడతలో ఎక్కించాలన్నది ఇంకో నేర్పు. రస్ట్‌లో రివ్యూ చేసేవాళ్లు ప్రతి మార్పుకీ ఒక గుర్తు తగిలించవచ్చు. డాక్యుమెంటేషన్ సవరణ లాంటిదైతే ఎప్పుడూ మూటలో వెయ్యొచ్చని, అనుమానంగా ఉంటే "ఇఫ్ఫీ" అని, కంపైలర్ (కోడును మెషిన్ భాషలోకి మార్చే ప్రోగ్రాము) పేగుల్లో చేయి పెట్టినదైతే అసలు మూటలో కట్టవద్దని. మెషిన్‌కి తెలియని సంగతిని మనిషి ఒక్క మాటలో చెప్పేయడం ఇది. చిన్న బృందాలు కూడా రేపే మొదలుపెట్టదగ్గది ఇదే.

మూట కట్టకుండా వేగం పెంచే దారి ఇంకొకటి ఉంది. క్లౌడ్ సాఫ్ట్‌వేర్ రాసే ఓపెన్‌స్టాక్ ప్రాజెక్టు కోసం పుట్టిన జూల్ అనే పరికరం ముందున్నవాళ్లందరూ పాసవుతారని నమ్మి పందెం కాస్తుంది. మొదటి మార్పు, మొదటిదీ రెండోదీ కలిపి, మొదటి మూడూ కలిపి, ఇలా అన్నిటినీ ఏకకాలంలో వేరువేరు మెషిన్ల మీద నడుపుతుంది. అందరూ పాసైతే ఒక రన్ సమయంలోనే ఇరవై మార్పులు లోపలికి పోతాయి. మధ్యలో ఒకటి ఫెయిలైతే దాన్ని తీసేసి, దాని వెనకున్నవాటన్నిటినీ మొదటికి తెస్తుంది. నూటికి అయిదు ఫెయిలయ్యే చోట ఇరవై మార్పులూ వరసగా పాసయ్యే అవకాశం 36 శాతమే కాబట్టి పందెం తరచుగానే పోతుంది. అందుకే జూల్ తన కిటికీని, అంటే ఒకేసారి నడిపే మార్పుల సంఖ్యను, పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మామూలుగా 20తో మొదలుపెట్టి, ఒకటి పాసైతే ఒకటి పెంచి, ఒకటి ఫెయిలైతే సగానికి కోసి, 3 కన్నా దిగకుండా ఆగుతుంది. ఇంటర్నెట్‌లో ట్రాఫిక్ పెరిగితే డేటా పంపే నియమావళి అయిన టీసీపీ చేసే సర్దుబాటు కూడా ఇదే తీరు. కోడు పంచుకునే సైట్లలో, గిట్‌ల్యాబ్‌లో మెర్జ్ ట్రైన్ పేరుతో, గిట్‌హబ్‌లో 2023లో ప్రయోగదశ దాటిన మెర్జ్ క్యూ పేరుతో ఇదే ఆలోచన ఇప్పుడు చిన్న బృందాలకీ దొరుకుతోంది. మెషిన్లకి డబ్బు పెట్టగలిగినవాళ్లకి మాత్రమే ఇది నప్పుతుంది. తీసేసిన రన్‌ల ఖర్చు ఎవరూ తిరిగివ్వరు.

లోపలికి రాకముందే

బస్తాలన్నీ దించాక తేమ చూసే మిల్లు ఉండదు. పైన పైన గింజలు తీసి చూసి, బాగుంటేనే బండిని లోపలికి పంపుతారు. చాలా ప్రాజెక్టుల్లో మాత్రం కోడు అసలు కంపైల్ అవుతుందో లేదో తెలిసేసరికి ముప్పై నిమిషాలు గడిచి ఉంటాయి. రెండు నిమిషాల్లో తేలే తనిఖీలన్నీ క్యూ బయట, ముందుగా జరగాలి. ఒకే పీఆర్‌కి (మార్పును కలపమని పంపే అభ్యర్థనకి) కొత్త కమిట్ (సవరణ) రాగానే పాత కమిట్ మీద నడుస్తున్న రన్‌ను ఆపేయాలి. ఇది రెండుమూడు లైన్ల సెట్టింగ్. అది లేక ఎవరికీ అక్కర్లేని కోడు మీద గంటల తరబడి నడిచే మెషిన్లు చాలాచోట్ల ఉన్నాయి. ఇరుక్కుపోయిన రన్‌కి గడువు కూడా పెట్టాలి. గిట్‌హబ్‌లో టెస్టులు నడిపే సేవ అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో మనం ఏమీ చెప్పకపోతే ఒక జాబ్‌కి ఉండే గడువు 360 నిమిషాలు. నలభై నిమిషాల పని ఎక్కడో చిక్కుకుని ఆరు గంటలు మెషిన్‌ను పట్టుకుని కూర్చుంటుంది.

టెస్టుల్ని ముక్కలుగా చేసి నాలుగు మెషిన్ల మీద నడిపితే 40 నిమిషాలు పదికి రావాలి. ప్రతి మెషిన్ సిద్ధం కావడానికి నాలుగు నిమిషాలు పట్టి, ముక్కల్లో ఒకటి మిగతావాటికన్నా బరువైతే అది పద్దెనిమిది దగ్గర ఆగుతుంది. అయినా సగం తగ్గినట్టే. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతి పాటించేవాళ్లు బిల్డు (కోడును కంపైల్ చేసి టెస్టులు నడపడం) పది నిమిషాల్లో అయిపోవాలని పట్టుబట్టింది ఊరికే కాదు. పది దాటితే మనిషి లేచి వేరే పనిలో పడతాడు.

శివారు భూములు

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ హయాంలో 1852కి పూర్తయిన ఆనకట్ట చోట ఆ తర్వాత వచ్చిన 175 గేట్ల బ్యారేజీ నీళ్లను తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలకి పంచుతుంది. సార్వాకి (వానాకాలం పంటకి) ఇబ్బంది తక్కువ. దాళ్వాలో (రబీ పంటకాలంలో) గోదావరి సన్నబడ్డాక అసలు కథ మొదలవుతుంది. కాలువ మొదట్లో ఉన్న చేలు తడుస్తాయి, శివారు ఆయకట్టు దాకా నీళ్లు చేరవు. అప్పుడే వంతులవారీ విధానం పెడతారు: ఇన్ని రోజులు ఈ కాలువకి, ఇన్ని రోజులు ఆ కాలువకి. కాలువలో పారే మొత్తం నీరు పెరగదు. పైవాళ్లు ఎడతెరిపి లేకుండా తోడుకోవడం ఆగుతుంది.

టెస్టుల క్యూలోనూ శివారు ఉంటుంది. "అర్జెంటు" అన్న గుర్తు పెట్టే హక్కు ముఖ్యులకి ఉన్నచోట, ప్రతి వారం అర్జెంటులు పెరుగుతూనే పోతాయి. అప్పుడప్పుడు ఒక చిన్న సవరణ పంపే కొత్తవాళ్లు ఎప్పుడూ వాళ్ల వెనకే. వాళ్ల వంతు వచ్చేసరికి మెయిన్ మారిపోయి కాన్‌ఫ్లిక్టులు వస్తాయి, సరిచేసి మళ్లీ పెడితే మళ్లీ చివరికే. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి ఆ మనిషి రాడు.

ఇందులో గడియారం పాత్ర కూడా ఉంది. మార్పుల్ని ఆమోదించే మెయింటెయినర్ కాలిఫోర్నియాలో ఉంటే మనకీ ఆయనకీ తేడా పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర. అమలాపురం మనిషి రాత్రి పదకొండింటికి పడుకున్నాక ఫెయిలైన రన్ పొద్దున ఏడింటికి కనపడుతుంది. సరిచేసి పెట్టేసరికి అక్కడ సాయంత్రం దాటింది, మళ్లీ ఆమోదం రావాలంటే మర్నాడే. ఉత్తుత్తి ఫెయిల్యూర్ కాలిఫోర్నియా వాడికి 40 నిమిషాల నష్టం, ఇక్కడివాళ్లకి ఒక రోజు. సగటులు చూసే బోర్డుల్లో ఈ తేడా కనపడదు. అందుకే సగటు కన్నా, పదిమందిలో తొమ్మిదో మనిషి ఎంతసేపు ఆగాడో చూడాలి. ఒక్కో మెర్జ్‌కి ఎన్ని ప్రయత్నాలు పట్టాయన్నది దానికన్నా నిక్కచ్చి కొలత. అది 1.1 దగ్గరుంటే క్యూ ఆరోగ్యంగా ఉంది, 1.5 అంటే టెస్టుల సంగతి చూడాల్సిందే.

వంతుల నియమాలు ఎక్కువ అక్కర్లేదు. ఆగిన ప్రతి కొన్ని గంటలకీ మార్పు ప్రాధాన్యం ఒక మెట్టు పెరగాలి, ఎంత చిన్నదైనా ఏదో ఒక రోజు ముందుకు వస్తుంది. ఒక మనిషివి ఒకేసారి రెండుకి మించి క్యూలో ఉండకూడదు. అర్జెంటు గుర్తుకి కారణం రాయాలి, అది అందరికీ కనపడాలి. కారణం రాయాల్సి వస్తే ఉత్తుత్తి అర్జెంటులు తగ్గుతాయి. మెయిన్ రెడ్ అయితే అంతా ఆగి, దాన్ని విరిచిన మార్పును వెనక్కి తీసే రివర్ట్‌కి మాత్రమే దారి వదలాలి. బాగు చేస్తున్నా, పది నిమిషాల్లో అయిపోతుంది అనే మాట నమ్మకూడదు.

ఇంట్లో మెషిన్

ఇన్ని చేశాక కూడా చాలకపోతే మెషిన్లు కొనాల్సిందే. క్లౌడ్ బిల్లు భరించలేని చిన్న బృందం ఒక పాత డెస్క్‌టాప్‌ను కాకినాడలో ఎవరింట్లోనో పెట్టి రన్నర్‌గా, అంటే టెస్టులు నడిపే మెషిన్‌గా, వాడుకోవచ్చు, చాలా పనులకి అది దిట్టంగానే ఉంటుంది. ప్రాజెక్టు అందరికీ బహిరంగమైతే మాత్రం వద్దు. ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపిన కోడు మన ఇంటి నెట్‌వర్క్ లోపల నడుస్తుంది. గిట్‌హబ్ కూడా బహిరంగ ప్రాజెక్టులకి సొంత రన్నర్లు పెట్టవద్దనే చెబుతుంది.

ప్రైవేటు ప్రాజెక్టుకి పెట్టుకున్నా ఒక చిక్కు ఉంది. ఈదురుగాలికి కరెంటు పోతుంది. ఇన్వర్టర్ రౌటర్‌ని, ఫ్యాన్లని మోస్తుంది గానీ డెస్క్‌టాప్‌ని ఎక్కువసేపు మోయదు. ముప్పై ఒకటో నిమిషంలో రన్ ఆగిపోయింది. చాలా క్యూలు దీన్ని కూడా "ఫెయిల్" అనే రాసుకుని, ఆ మార్పును వరస నుంచి తోసేసి, రాసినవాళ్లకి మెయిల్ పంపుతాయి. వాళ్లు గంటసేపు తమ కోడులో తప్పు వెతుకుతారు. టెస్టు తప్పని చెప్పడం ఒక జవాబు, మెషిన్ జవాబివ్వకుండా పోవడం ఇంకొకటి. రెండోదానికి వేరే గుర్తు, వేరే రంగు ఉండాలి. ఆ మార్పు తన చోటు పోగొట్టుకోకుండా, కరెంటు రాగానే వరసలో మొదటే నిలబడాలి, రాసినవాళ్లకి ఏ మెయిలూ వెళ్లకుండా.